రూట్ కెనాల్ అయిన పన్ను నల్లబడితే

రూట్ కెనాల్ చేయించుకున్న ముందు పన్ను కొన్నేళ్ళకి బూడిద రంగుకి మారితే మన వాళ్ళు కొందరు నిమ్మకాయ, ఉప్పు, బొగ్గు పెట్టి తోముతారు. కొందరు టీవీలో చూపించిన పేస్టు కొంటారు. ఇంకొందరు "చచ్చిన పన్ను, ఒళ్ళంతా విషం ఎక్కుతుంది" అని పీకించేస్తారు. కారణం రాయని ఖర్చుని రక్షణ శాఖ లెక్కల్లో పాస్ చెయ్యం. నోటి విషయంలో ఎందుకు చెయ్యాలి?

ముందు మరక ఏ పద్దు కిందకి వస్తుందో చూడండి. మా బస్తర్‌లో చాలామంది గుడాఖుతో పళ్ళు తోముతారు. అది పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ముద్ద. పళ్ళు తోమే వస్తువుల్లో పొగాకు కలపకూడదని 1992లోనే కేంద్రం నిషేధించింది. గుడాఖు మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉంది. దాని మరక పంటి పైన పడుతుంది. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే, నల్గొండలో చూసినట్టు, చాలా పళ్ళు మచ్చలు పడతాయి. రూట్ కెనాల్ అయిన ఒక్క పన్నే రంగు మారిందంటే మరక సాధారణంగా లోపల ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు పంటి లోపల చిట్లిన రక్తం, శుభ్రం చెయ్యకుండా మిగిలిన గుజ్జు, నింపిన మందు, వీటి రంగు ఎనామెల్ కింది డెంటిన్‌లోకి ఇంకుతుంది. గోడ లోపలి చెమ్మ మీద సున్నం వేస్తే పోతుందా? నిమ్మకాయా అంతే. పైగా దాని పులుపు ఎనామెల్‌ని తినేస్తుంది.

విషం మాటకొస్తే, అది వందేళ్ళ నాటి సిద్ధాంతం. అమెరికాలో వెస్టన్ ప్రైస్ ప్రచారం చేశాడు, లెక్కలేనన్ని పళ్ళు పీకేశారు, తర్వాతి పరిశోధనలు దాన్ని నిలబెట్టలేదు.

మరి దారి ఏమిటి? లోపలి మరకని లోపలి నుంచే తియ్యాలి. ముందు ఎక్స్‌రే తీసి వేరు నింపిన పని బాగుందో లేదో చూస్తారు. పంటి వెనక వైపు రంధ్రం తెరిచి, వేరులో నింపినదాని మీద సుమారు 2 మిల్లీమీటర్ల సిమెంటు అడ్డు వేస్తారు. పైన సోడియం పెర్బొరేట్‌ని నీళ్ళతో కలిపి పెట్టి మూసేస్తారు. వారానికోసారి మారుస్తూ రెండు నుంచి నాలుగు సార్లు పెడితే చాలా పళ్ళు తెల్లబడతాయి. 1961 నుంచీ దంతవైద్యులకి తెలిసిన పద్ధతే ఇది. మంత్రం లేదు, ఆక్సిజన్ చేసే పని.

ఇందులోనూ ప్రమాదం ఉంది. అడ్డు వెయ్యకుండా ఘాటైన హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి వేడి చేస్తే, చిగురు దగ్గర వేరు కరిగిపోయే అవకాశం ఉందని 1979లోనే హెచ్చరించారు. కొందరికి కొన్నేళ్ళకి రంగు మళ్ళీ రావచ్చు కూడా. ఇవి చెప్పకుండా గ్యారంటీ ఇచ్చే వాడిని నమ్మకండి.

క్యాప్ సంగతి. దవడ పన్నుకి రూట్ కెనాల్ తర్వాత క్యాప్ బలం కోసం చాలాసార్లు అవసరమే. గట్టిగా ఉన్న ముందు పన్నుకి కేవలం రంగు కోసం క్యాప్ వెయ్యడమంటే మంచి పన్నుని చుట్టూ అరగదియ్యడం. అది మూలధనం. ఒకసారి ఖర్చయితే తిరిగి జమ కాదు. అందుకే ముందు బ్లీచింగ్, అది కుదరకపోతే క్యాప్.

డాక్టర్ చెప్పాడు కదా అని తల ఊపడం, స్వామీజీ చెప్పాడని ఊపడం కంటే గొప్పదేమీ కాదు. మూడు ప్రశ్నలు అడగండి: రంగు ఎందుకు మారింది? ఎక్స్‌రేలో ఏముంది? అడ్డు వేస్తారా? జవాబు చెప్పే డాక్టర్ దగ్గరే నోరు తెరవండి. నొప్పి, వాపు లేని నల్ల పన్ను మీకే అభ్యంతరం కాకపోతే, ఎక్స్‌రే బాగుంటే, అలా వదిలేసినా తప్పేమీ లేదు.