ఎదురుచూపుల కాపురం

టొరంటో పక్కనే బ్రాంప్టన్. అక్కడో బేస్‌మెంట్ ఇల్లు. బయట మోకాలి లోతు మంచు. ఉదయం ఆరున్నరకే భర్త డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇక సాయంత్రం దాకా ఆమెకు తోడు ఓ ఫోను, నేలకు ఆనుకున్న చిన్న కిటికీ.

విజయవాడలో ఉన్నప్పుడు ఆమెది ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం, ఆదివారం సినిమా, పండక్కి అమ్మానాన్నలకు బట్టలు. పెళ్లయ్యాక రాజీనామా ఇచ్చి విజిటర్ వీసా మీద విమానం ఎక్కింది. వచ్చి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో ఆమె సంపాదన సున్నా. షాంపూ సీసా కొనాలన్నా భర్త కార్డే. ఆయన ఏమీ అనడు. అయినా కౌంటర్ దగ్గర ఆ కార్డు తీసినప్పుడల్లా ఆమెకు ఏదో చిన్నతనం.

ఇండియాలో రాత్రి భోజనాల వేళకి అమ్మ ఫోను.

‘‘ఏమ్మా, ఉద్యోగం సంగతి ఏమైంది?’’

‘‘ఇంకా కాగితం రాలేదమ్మా.’’

‘‘ఏం కాగితమో ఏమో! అల్లుడుగారు అక్కడి పౌరుడే కదే, ఇంకా నీకు కాగితాలెందుకు?’’

ఆ తల్లి అడిగిన ప్రశ్న తెలుగునాట ఎన్నో ఇళ్లలో వినిపించేదే. కెనడా సంబంధం అనగానే అబ్బాయి జీతం, ఇల్లు, కారు గురించి ఆరా తీస్తారు. అమ్మాయి వెళ్లాక ఎన్నాళ్లకు పనిచేసుకోవచ్చు అన్నది మాత్రం ఎవరూ అడగరు.

తాళి వేరు, పర్మిట్ వేరు

కెనడా పౌరుణ్ని పెళ్లి చేసుకున్నంత మాత్రాన అక్కడ ఉండే హక్కు గానీ, పనిచేసే హక్కు గానీ రావు. భర్త పౌరుడో, శాశ్వత నివాసి అంటే పీఆర్ ఉన్నవాడో అయితే భార్యను స్పాన్సర్ చేయవచ్చు. భార్య అక్కడ పౌరురాలైతే భర్తనూ అంతే. పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లపాటు ఆమె పోషణ బాధ్యత తనదేనని స్పాన్సర్ ప్రభుత్వానికి రాసివ్వాలి. ఆ తర్వాత పెళ్లి నిజమైనదా, కాగితాల కోసం చేసుకున్నదా అని అధికారులు చూస్తారు. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం, జాయింట్ అకౌంట్... అన్నీ చూపించాలి. పోలీసు క్లియరెన్స్, వైద్య పరీక్షలు సరేసరి.

ఇదంతా తేలడానికి నెలలు పడుతుంది. ఒకప్పుడు కెనడాలోనే ఉండి దరఖాస్తు చేసుకున్నవాళ్లకు రెండేళ్లు దాటేది కూడా. 2016 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ఎక్కువ శాతం కేసుల్ని ఏడాదిలోపు తేల్చాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం లక్ష్యమే, కేసు కేసే. ఒక్కోసారి గడువు దాటుతూనే ఉంటుంది.

మరి అన్నాళ్లూ చేతులు కట్టుకుని కూర్చోవాలా?

2014కి ముందు దాదాపు అంతే. దరఖాస్తులో మొదటి మెట్టు దాటి, ‘సూత్రప్రాయంగా అంగీకరించాం’ అన్న ఉత్తరం వచ్చాకే వర్క్ పర్మిట్ అడగాలి. ఆ ఉత్తరం కోసమే ఏడాదికి పైగా పడిగాపులు పడ్డవాళ్లున్నారు. ఇంజినీరింగ్ చదివిన అమ్మాయిలు, పాఠాలు చెప్పిన టీచర్లు ఇంట్లో గోడలు చూస్తూ గడిపారు. 2014 డిసెంబరు 22న ప్రభుత్వం ప్రయోగాత్మకంగా ఓ పథకం తెచ్చింది. ఆ ఉత్తరం కోసం ఆగకుండానే ఓపెన్ వర్క్ పర్మిట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాదికని మొదలైన ఆ పథకాన్ని పదేపదే పొడిగిస్తూ వచ్చారు.

అప్పటికీ ఓ చిక్కుంది. కెనడా లోపలి నుంచి పెట్టే ‘ఇన్‌ల్యాండ్’ దరఖాస్తుదార్లకే ఈ వెసులుబాటు. విదేశాల్లోని వాళ్ల కోసం ఉద్దేశించిన కుటుంబ తరగతిలో దరఖాస్తు పెట్టి, కెనడాలోనే భర్తతో ఉంటున్నవాళ్లకు లేదు. 2023 మే 26న ప్రకటించిన మార్పులతో వాళ్లకీ తలుపు తెరుచుకుంది.

ఓపెన్ అంటే ఏమిటి?

మామూలు వర్క్ పర్మిట్ ఒక కంపెనీకి ముడిపడి ఉంటుంది. ఆ యజమాని వదిలేస్తే పర్మిట్ ఉన్నా లేనట్టే. ఓపెన్ పర్మిట్‌కి ఆ బాధ లేదు. చేతిలో జాబ్ ఆఫర్ ఉండనక్కర్లేదు. దాదాపు ఏ యజమాని దగ్గరైనా చేరవచ్చు, నచ్చకపోతే మానేసి మరోచోట చేరవచ్చు.

దీనికి ప్రధానంగా నాలుగు సంగతులు కుదరాలి. స్పాన్సర్‌షిప్, పీఆర్ దరఖాస్తులు పూర్తిగా పెట్టి, అవి అందాయన్న రసీదు ఉత్తరం చేతికి రావాలి. భార్యాభర్తలిద్దరూ కెనడాలో ఒకే చిరునామాలో ఉండాలి. ఆమెకు అక్కడ చెల్లుబాటయ్యే హోదా విజిటర్‌గానో, విద్యార్థిగానో, ఉద్యోగిగానో ఉండాలి. గడువు దాటితే 90 రోజుల్లోపు హోదా పునరుద్ధరణకైనా అర్హత ఉండాలి. నాలుగోది ఫీజు. 2025 నాటికి పర్మిట్‌కి 155 డాలర్లు, ఓపెన్ పర్మిట్ కాబట్టి మరో 100.

హైదరాబాద్‌లో కూర్చుని ఈ పర్మిట్ అడగడం కుదరదు. ముందు విజిటర్ వీసా మీద వెళ్లి భర్తతో కాపురం పెట్టాలి. ‘అక్కడే ఉండిపోవాలనుకునేవాళ్లకి విజిటర్ వీసా ఇస్తారా?’ అని చాలామందికి అనుమానం. శాశ్వతంగా ఉండాలన్న కోరిక ఉన్నంత మాత్రాన తాత్కాలిక వీసాకు అనర్హులు కారని కెనడా వలస చట్టమే చెబుతోంది. అయితే పీఆర్ రాకపోతే గడువులోగా తిరిగి వెళ్లిపోతానని అధికారిని నమ్మించాలి. అందుకే ఈ సంగతి దాచిపెట్టి ‘చుట్టపు చూపుగా వెళ్తున్నా’ అని అబద్ధం రాయకూడదు. దొరికితే మొత్తం కేసే దెబ్బతింటుంది.

ఇంకో తికమక కూడా ఉంది. విద్యార్థుల, ఉద్యోగుల భాగస్వాములకిచ్చే ఓపెన్ పర్మిట్ వేరు, ఇది వేరు. 2025 జనవరి 21 నుంచి కోతలు పడ్డది ఆ మొదటి రకానికి. ఆ వార్త చూసి స్పాన్సర్‌షిప్ వాళ్లు కంగారు పడనక్కర్లేదు.

క్యాలెండర్ మీద కన్నుండాలి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. విజిటర్‌గా దిగినవాళ్లకు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. పీఆర్‌కి దరఖాస్తు పెట్టేశాం కదా, ఇక ఎన్నాళ్లున్నా ఫర్వాలేదనుకుంటారు. అది తప్పు. పీఆర్ దరఖాస్తు దానంతటదే ఉండే గడువును ఒక్కరోజు కూడా పెంచదు. ఆరు నెలలు నిండకముందే విజిటర్ గడువు పొడిగింపుకో, వర్క్ పర్మిట్‌కో విడిగా దరఖాస్తు పెట్టాలి. అలా పెడితే నిర్ణయం వచ్చేదాకా పాత హోదా కొనసాగుతుంది.

ఇందులోనూ ఓ మెలిక ఉంది. కొనసాగేది పాత హోదా మాత్రమే. అప్పటికే వర్క్ పర్మిట్ ఉండి, అది ముగిసేలోపు కొత్తదానికి దరఖాస్తు పెట్టినవాళ్లు పని కొనసాగించవచ్చు. విజిటర్‌గా ఉండి పర్మిట్ అడిగిన అమ్మాయి విజిటరే. కాగితం చేతికి వచ్చేదాకా ఒక్క గంట కూడా అక్కడ జీతానికి పనిచేయకూడదు.

బ్రాంప్టన్ అమ్మాయి విషయంలో ఇది సరిగానే జరిగింది. ఆగస్టు చివర్లో దిగింది. అక్టోబరులో పీఆర్ దరఖాస్తు. డిసెంబరులో రసీదు ఉత్తరం రాగానే వర్క్ పర్మిట్‌కి పెట్టారు. ఫిబ్రవరి చివరికి ఆరు నెలలు నిండినా భయం లేదు. ఇబ్బందల్లా ఎదురుచూపే.

‘క్యాష్’ ఊబి

ఎదురుచూపులో ఉన్నవాళ్లకే వల విసురుతారు. ‘మా షాపులో రోజుకి నాలుగు గంటలు నిలబడమ్మా, క్యాష్ ఇచ్చేస్తా. కాగితాలతో పనేముంది?’ అంటాడు తెలిసినాయన. వినడానికి బాగానే ఉంటుంది. జీతం ఎగ్గొడితే ఎవరికి చెప్పుకోవాలి? చెయ్యి తెగితే ఎవరు చూస్తారు? అన్నిటికీ మించి, అనుమతి లేకుండా పనిచేశారని తేలితే దేశం విడిచి వెళ్లమనే ఉత్తర్వు దాకా పోవచ్చు. ఆ పని మానేసి ఆరు నెలలు గడిచేదాకా వర్క్ పర్మిట్ నిరాకరించే నిబంధన కూడా ఉంది. నాలుగు డాలర్లకు ఆశపడితే నలభై నెలల కల చెదిరిపోతుంది.

అలాగే అడ్డదారి ఏజెంట్లు. డబ్బు తీసుకుని కేసు చూడాలంటే లాయరో, లైసెన్సున్న ఇమిగ్రేషన్ కన్సల్టెంటో అయి ఉండాలి. కన్సల్టెంట్లను నియంత్రించడానికి 2021 నవంబరు నుంచి అక్కడ ప్రత్యేకంగా ఓ కాలేజీయే పనిచేస్తోంది. పేరు అందులో ఉందో లేదో చూసుకోవడం రెండు నిమిషాల పని.

లోపలా, బయటా?

ఇన్‌ల్యాండ్ పద్ధతిలో దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలు బోర్డుకి వెళ్లే హక్కు లేదు. కుటుంబ తరగతిలో పెడితే ఆ హక్కుంటుంది. ఇన్‌ల్యాండ్ కేసు నడుస్తుండగా తాతగారికి బాగోలేదని ఇండియాకి వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు లోపలికి రానివ్వకపోతే కేసు అటకెక్కినట్టే. అందుకే మధ్యలో ఊరికి రావాల్సిన అవసరం కనిపిస్తున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. 2023 మార్పుల తర్వాత ఏ దారిలో వెళ్లినా, భర్తతో కెనడాలో ఉంటే పర్మిట్ అడిగే వీలుంది కాబట్టి ఈ ఎంపిక కాస్త తేలికైంది.

చిన్నవే, కానీ...

పాస్‌పోర్టు గడువు చూసుకోండి. పర్మిట్ రెండేళ్లకు ఇవ్వగలిగినా, పాస్‌పోర్టు ఎనిమిది నెలల్లో ముగిసిపోతుంటే పర్మిట్ కూడా అక్కడితో సరి. పెళ్లి హడావుడిలో పట్టుచీరలతోపాటు పాస్‌పోర్టు రెన్యువల్ కూడా జాబితాలో రాసుకోవాలి.

టీచరుగానో, నర్సుగానో, పిల్లల సంరక్షణ కేంద్రంలోనో చేరాలనుకునేవాళ్లు గుర్తింపు పొందిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష ముందే చేయించుకోవాలి. లేకపోతే ‘ఈ రంగాల్లో పనిచేయరాదు’ అన్న షరతు పర్మిట్ మీదే అచ్చవుతుంది.

పర్మిట్ వచ్చాక సిన్ నంబరు తీసుకోవాలి. అది లేనిదే జీతం వేయరు. దానికి ఫీజు లేదు. తాత్కాలికంగా ఉండేవాళ్ల సిన్ తొమ్మిదితో మొదలవుతుంది. పీఆర్ వచ్చాక వేరే నంబరు తీసుకోవాలి.

ఖాళీ నెలలు పూర్తిగా వృథా కానక్కర్లేదు. ఆరు నెలలలోపు కోర్సులు స్టడీ పర్మిట్ లేకుండానే చదువుకోవచ్చు. ఇండియా డిగ్రీలకు అక్కడి గుర్తింపు తెచ్చుకోవడం, డ్రైవింగ్ నేర్చుకోవడం లాంటివి చేసిపెట్టుకుంటే పర్మిట్ వచ్చిన మర్నాడే ఇంటర్వ్యూలకు వెళ్లవచ్చు.

భయపడి పడి ఉండక్కర్లేదు

అన్ని ఇళ్లలోనూ భర్తలు ఒకేలా ఉండరు. ‘నేను సంతకం వెనక్కి తీసుకుంటే నువ్వు ఇండియా విమానం ఎక్కాల్సిందే’ అని బెదిరించేవాళ్లూ ఉన్నారు. సంపాదన లేదు, బంధువులు లేరు. అమ్మకు చెబితే ఆమె గుండె ఆగుతుందేమోనని భయం. అలాంటి ఇల్లాలికి ఆ బెదిరింపు ఉరితాడే.

2012 అక్టోబరులో కెనడా తెచ్చిన ఓ నిబంధన ఈ భయాన్ని ఇంకా పెంచింది. పెళ్లయి రెండేళ్లలోపు ఉన్న, పిల్లలు లేని జంటల్లో స్పాన్సర్ అయినవాళ్లు పీఆర్ వచ్చాక కూడా రెండేళ్లు కలిసే ఉండాలనేది దాని సారాంశం. హింసకు గురైనవాళ్లకు మినహాయింపు ఉన్నా, అది తెలిసినవాళ్లెందరు? విమర్శలు రావడంతో 2017 ఏప్రిల్‌లో దాన్ని ఎత్తేశారు. 2019 జులై 26 నుంచి మరో ఆసరా వచ్చింది. పీఆర్ కోసం భర్త మీద ఆధారపడి, అతని చేతిలో హింసకు గురవుతున్న స్త్రీ తనంతట తానుగా తాత్కాలిక నివాస అనుమతి కోరవచ్చు. దాంతోపాటు వర్క్ పర్మిట్ కూడా అడగవచ్చు. రెండిటికీ ఫీజు లేదు. హింస అంటే దెబ్బలే కాదు, డబ్బు చేతికివ్వకుండా కట్టడి చేయడం, మాటలతో హింసించడం కూడా. కూతుర్ని విమానం ఎక్కించే ప్రతి తల్లీ తండ్రీ ఈ ఒక్క విషయం చెప్పి పంపాలి.

ఈ పర్మిట్ విధానం చట్టంలో చెక్కిన శిలాశాసనం కాదు. ప్రభుత్వం తాత్కాలికంగా ఇచ్చిన వెసులుబాటు. కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున అక్కడి ఇమిగ్రేషన్ శాఖ సూచనలు మరోసారి చదువుకోవాలి. పక్కింటివాళ్లకి రెండేళ్ల కిందట ఎలా వచ్చిందన్నది మనకు లెక్కలోకి రాదు.

బ్రాంప్టన్‌లో మంచు కరిగింది. ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం ఆమెకు పర్మిట్ వచ్చింది. రెండు వారాల్లో దగ్గర్లోని స్టోర్‌లో కౌంటర్ ఉద్యోగం. బ్యాంకు కాదు. అది తర్వాత చూసుకోవచ్చు. మొదటి జీతం పడ్డ రోజు షాంపూ సీసా తన కార్డుతో కొనుక్కుంది. ఆ రాత్రి అమ్మకు తనే ఫోను చేసింది.

‘‘ఇంతకీ ఆ కాగితంలో ఏం రాశారే?’’ అంది అమ్మ.

‘‘నా పేరు రాశారమ్మా’’ అంది ఆమె.