జీరో చూసుకోండి సార్!

పైపు చేతిలోకి తీసుకోగానే బంకు కుర్రాడు రోజూ ఇదే మాట అంటాడు. చూస్తాను. సున్నా సున్నాలాగే ఉంటుంది. ట్యాంకులోకి దిగే ప్రతి లీటరులో 20 శాతం పెట్రోలే కాదు, ఇథనాల్ అన్న ముక్క మాత్రం నేను పోయించుకునే బంకులో ఏ బోర్డూ చెప్పదు.

పాలవాడు నీళ్లు కలిపితే కల్తీ. సర్కారు స్పిరిట్ కలిపితే స్వావలంబన! మీరు తాగి బండెక్కితే కేసు, మీ బండికి తాగిస్తే దేశభక్తి.

ఇదేంటని అడిగితే చాలు, "ఎవరి లాబీ నువ్వు?" అంటారు. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అమ్మండి మహాప్రభో అని ఒకాయన సుప్రీంకోర్టుకు వెళితే ఆయన వెనకా లాబీ ఉందని ప్రభుత్వం వాదించింది. 2025 సెప్టెంబరు 1న పిటిషన్ కొట్టేశారు. అయ్యా, నా వెనక ఉన్నది లాబీ కాదు, ఈఎంఐ.

ఇథనాల్ మీద నాకేం పగ లేదు. వరిగడ్డి నుంచి తీయండి, దండం పెడతాను. 2022లో పానిపట్‌లో అలాంటి ప్లాంటు ప్రారంభించారు కూడా. కానీ బంకుల్లో పారుతున్నదంతా గడ్డి రసమా? చెరుకు, మొక్కజొన్న, బియ్యం! లెక్క వేద్దాం రండి. నా స్కూటర్ ట్యాంకు ఐదు లీటర్లు. అందులో లీటరు ఇథనాల్. అది బియ్యంతో చేసిందైతే రెండు కిలోల పైమాటే. మూడుసార్లు ట్యాంకు నింపితే తెలంగాణలో ఒక మనిషికి నెలకిచ్చే ఆరు కిలోల రేషన్ హరీ. 2023లో కర్ణాటక డబ్బు పెట్టి కొంటాం మొర్రో అన్నా కేంద్రం బియ్యం అమ్మలేదు. 2025కల్లా డిస్టిలరీలకు కిలో 22 రూపాయల 50 పైసలకే అదే గోదాముల తలుపులు తీసింది. కొని, దాచి, మోసేసరికి సర్కారుకు దానికి దాదాపు రెట్టింపు పడుతుంది. ఆ తేడా ఎవరబ్బ సొమ్ము?

మైలేజీ పడిపోతుందంటే అపోహట. 2021లో నీతి ఆయోగ్ కమిటీయే రాసుకుంది: పాత కార్లలో 6–7 శాతం, బైకుల్లో 3–4 శాతం తగ్గుతుంది, కాబట్టి ఈ ఇంధనాన్ని మామూలు పెట్రోలు కంటే చవగ్గా అమ్మాలి అని. ఆ చివరి ముక్కను అటకెక్కించారు. 2025లో అడిగితే ఇథనాలే రిఫైనరీ పెట్రోలు కంటే ఖరీదైందన్నారు. శక్తి తక్కువ, ధర ఎక్కువ! ఇలాంటి బేరం చేసొస్తే మా అమ్మ నన్ను మళ్లీ సంతకు పంపేది కాదు. విదేశీ మారకం మిగిలిందా? మిగిలింది, కాదనను. నా జేబులోకి పైసా రాలేదు.

మా మెకానిక్ కార్బురేటర్ విప్పి, అడుగున పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకి చూపించాడు. రబ్బరు వాషరు నానబెట్టిన శనగలా ఉబ్బి ఉంది. "వానాకాలం నెల రోజులు బండి తీయకపోతే ఇంతే సార్. ఈ ఇథనాల్ గాల్లో తేమ కూడా లాగేస్తది." ఏ కమిటీలోనూ అతనికి కుర్చీ వేయలేదు.

బ్రెజిల్‌ను చూసి నేర్చుకోమంటారు. సరే, చూద్దాం. 1975లో మొదలుపెట్టారు. 2003లో ఏది పోసినా నడిచే కార్లు తెచ్చారు. అక్కడా పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు, నిజమే. కానీ పక్కనే అచ్చం ఇథనాల్‌ను వేరే ధరకు అమ్ముతారు. పెట్రోలు ధరలో 70 శాతం దాటితే కొనడం దండగని అక్కడి డ్రైవర్లకు నోటి లెక్క. మనం కలపడం నేర్చుకున్నాం, ధరల బోర్డు నేర్చుకోలేదు.

ఇక "గ్రీన్" భక్తులకు ఒక సవాలు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం పిల్లాజెల్లాతో రోడ్డు మీద బైఠాయిస్తే గానీ ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆగలేదు. నారాయణపేట జిల్లా చిత్తనూరు, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ కూడా మాకొద్దన్నాయి, కేసులు మోశాయి. అది అంత పచ్చని పరిశ్రమైతే ఆ గోడ పక్కనే మీ గేటెడ్ విల్లా కట్టుకోండి. బాల్కనీ అటువైపే పెట్టుకోండి. గృహప్రవేశానికి నేనొస్తాను, ముక్కు మూసుకోకుండా.

నిన్న బంకులో అడిగాను: "జీరో సరే బాబూ, ఇరవై ఎక్కడ చూసుకోవాలి?"

కుర్రాడు మీటరు వైపు ఓసారి చూశాడు. "అది ఇందులో పడదు సార్."