పసిబిడ్డ శుభ్రత – తోటివారి హక్కు

పసిబిడ్డను శుభ్రపరచటానికి గోరువెచ్చని నీరు, మెత్తని నూలుగుడ్డ చాలు. ప్రయాణాల్లో వైప్స్ తప్పనిసరైతే సువాసన, ఆల్కహాల్ లేనివే ఎంచుకోండి. అవి పాడవకుండా కలిపే ‘మిథైల్ ఐసోథయాజొలినోన్’ అనే రసాయనం కొందరికి చర్మ అలర్జీ కలిగిస్తుంది. ప్యాకెట్టుపై చదివి చూసుకోండి. ఆడబిడ్డను ముందు నుంచి వెనక్కి తుడవాలి.

వాడిన వైప్స్‌ను మరుగుదొడ్డిలో వేయకండి. చాలా రకాల్లో ప్లాస్టిక్ పోగులుంటాయి. అవి నీటిలో విడిపోక, మురుగు గొట్టాల్లో పేరుకుపోతాయి. ఆ అడ్డును తొలగించటానికి మరో బిడ్డ తండ్రి మురుగులో చేయి పెట్టవలసి వస్తుంది. మలాన్ని మాత్రమే మరుగుదొడ్డిలో వదిలి, వైప్స్‌ను కాగితంలో చుట్టి, తడిచెత్తలో కలపక విడిగా చెత్తబండికి ఇవ్వండి. దారిలోని ముల్లును తొలగించటం సదఖా అని నమ్మే మనం, ఇతరుల దారిలో ముల్లు వేయరాదు.