ముందు మా క్యాంపు పేరు ఎక్కించండి

అత్యవసర సేవలకు కంప్యూటర్ వ్యవస్థ అనగానే అందరూ పెద్ద తెరలు, జీపీఎస్ బండ్ల గురించే మాట్లాడతారు. నాకు అది నచ్చదు. 108 సేవ 2005లో హైదరాబాద్‌లో మొదలై, 2008లో కర్ణాటకకు వచ్చింది. బండి ఉంది, ఫోన్ నంబరూ ఉంది. చిక్కంతా అడ్రసు దగ్గరే.

సింధనూరు, మాన్వి తాలూకాల్లో తుంగభద్ర ఎడమ కాలవ కింద ఆంధ్రా నుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకున్నారు. మా నానమ్మను ఇల్లెక్కడ అని అడగండి. "కాలవ గట్టు మీదే రావాలి నాయనా, రైసు మిల్లు దాటాక రెండో తూము" అంటుంది. మా ఊళ్లో ఎవరికైనా అది చాలు. ఎక్కడో దూరాన కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగికి అందులో ఒక్క ముక్కైనా పనికొస్తుందా?

ఫోనే చోటు చూపిస్తుంది కదా అంటారు. స్మార్ట్‌ఫోన్ అయితే సరే. నానమ్మ బటన్ ఫోన్‌తో తెలిసేది ఏ టవర్ కింద ఉన్నామో అంతే, మా గడప కాదు. వరి మడిలో పాము కరిస్తే మడి మడీ వెతుకుతారా?

కన్నడ నేర్చుకోండి అంటారు ఇంకొందరు. నేర్చుకుంటూనే ఉన్నాం. భయంలో మాత్రం నోటికొచ్చేది అమ్మ భాషే. అందుకే ఫోన్ దగ్గర తెలుగు వచ్చిన మనిషి ఒకరుండాలి.

కొత్త యంత్రాలు కొనేముందు పంచాయతీ వాళ్లు ప్రతి క్యాంపుకూ వచ్చి, జనం పిలిచే పేర్లన్నీ తూము నంబర్లతో సహా రాసుకోవాలి. వానాకాలంలో ఏ గట్టు మీద బండి దిగబడుతుందో కూడా రాయాలి. రాయడానికి మనుషులు లేరంటారా? తొమ్మిదో తరగతి వాళ్లం మేమున్నాం. రెండు ఆదివారాలు ఇవ్వండి.