ఎంసీబీ ఉందిగా అనుకుంటున్నారా? గీజరు షాక్‌ నుంచి కాపాడేది అది కాదు

చలి మొదలైందంటే ఏడెనిమిది నెలలు ముట్టుకోని గీజరు స్విచ్‌ మళ్లీ ఆన్‌ అవుతుంది. అటకెక్కిన హీటర్‌ రాడ్డు కిందికి దిగుతుంది. వాటితోపాటే బాత్రూంలో కరెంటు షాక్‌ వార్తలూ మొదలవుతాయి. 2022 అక్టోబరులో హైదరాబాద్‌ లంగర్‌హౌజ్‌ ప్రాంతంలో కొత్తగా పెళ్లయిన దంపతులు బాత్రూంలో ప్రాణాలు కోల్పోయారు. గీజరు నుంచి షాక్‌ కొట్టడమే కారణమని పోలీసులు ప్రాథమికంగా భావించారు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2019 నుంచి 2021 వరకు ఏ ఏడాది చూసినా దేశంలో విద్యుదాఘాతంతో చనిపోయినవారు 12 వేలకు తగ్గలేదు. పొలాల్లో, రోడ్ల మీద జరిగినవీ ఇందులో ఉన్నాయి. ఇంట్లో జరిగే వాటిలో చాలావరకు మాత్రం ఆపగలిగినవే.

ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ వినిపించే ప్రశ్న ఒకటుంది. ‘ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి కదా, ఎందుకు పడిపోలేదు?’ సమాధానం తెలిస్తే మీ ఇంటి స్విచ్‌ బోర్డు వైపు ఒకసారి తప్పక చూస్తారు.

ఎంసీబీ కాపాడేది తీగను.. మనిషిని కాదు

గీజరు లైనుకు సాధారణంగా 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ పెడతారు. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. లోడు పరిమితి దాటినా, షార్ట్‌ సర్క్యూట్‌ అయినా ఎంసీబీ పడిపోతుంది. తీగ వేడెక్కి మంటలు రాకుండా చూడటమే దాని పని.

మరి మనిషికి షాక్‌ కొడితే? తడి ఒంటితో ఉన్నప్పుడు శరీర నిరోధం సుమారు వెయ్యి ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. అంటే ఆంపియరులో నాలుగో వంతు కూడా కాదు. ఒక సీలింగ్‌ ఫ్యాను తీసుకునేంత కరెంటు! దీన్ని ఎంసీబీ అసలు పట్టించుకోదు. కానీ 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఊపిరి ఆడించే కండరాలు బిగుసుకుపోవచ్చు. 50 నుంచి 100 మధ్యకు చేరితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మనిషి ప్రాణం పోయినా ఎంసీబీ ఆన్‌లోనే ఉండటానికి కారణం ఇదే.

ఆర్‌సీసీబీ ఏం చేస్తుంది?

ఇది ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని నిరంతరం పోల్చి చూస్తుంది. తేడా వస్తే కరెంటు ఎక్కడో దారి తప్పి నేలలోకో, మనిషి ఒంట్లోంచో పోతోందని అర్థం. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల రకం. పైన చెప్పినంత షాక్‌ తగిలితే సెకనులో ఇరవై ఐదో వంతు సమయంలోపే, అంటే 0.04 సెకన్లలోపే, సరఫరా ఆపేయాలని ప్రమాణాలు చెబుతున్నాయి.

దీనికీ పరిమితులున్నాయి. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్‌ పట్టుకుంటే అది కూడా మామూలు లోడే అనుకుంటుంది. లోడు ఎక్కువైతే దీనికి తెలియదు. అందుకే ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఉండాలి. రెండు పనులూ ఒక్కటే చేసే ఆర్‌సీబీఓలు కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి.

ఎర్తింగ్‌ లేకపోతే పరీక్ష మీ మీదే

బోరు నీళ్లలోని లవణాలు గీజరు హీటింగ్‌ ఎలిమెంటు మీద పొరలుగా పేరుకుంటాయి. కాలక్రమంలో దాని పైతొడుగు పగిలితే కరెంటు నీళ్లలోకి, ట్యాంకు లోహానికి పాకుతుంది. ఎర్తింగ్‌ బాగుంటే ఆ కరెంటు నేరుగా భూమిలోకి పోతుంది. ఎవరూ ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎర్తింగ్‌ లేకపోతే, మీరు కొళాయి తిప్పాకే లీకేజీ బయటపడుతుంది.

మూడు పిన్నుల ప్లగ్గులో పైపిన్ను పొడవుగా, లావుగా ఉండటానికి కారణం కూడా ఎర్తింగే. అన్నిటికంటే ముందు తగలాలి, అన్నిటికంటే చివర ఊడాలి. సాకెట్లో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టడం, రెండు పిన్నుల కన్వర్టర్‌ వాడటం అంటే ఆ రక్షణను చేజేతులా తీసేయడమే.

అపార్ట్‌మెంట్లలో మరో చిక్కు ఉంది. ఎర్త్‌ పిట్‌ పార్కింగ్‌ టైల్స్‌ కింద కప్పడిపోయి ఎక్కడుందో వాచ్‌మన్‌కూ తెలియదు. వేసవిలో మట్టి ఎండిపోతే ఎర్తింగ్‌ బలహీనపడుతుంది. పిట్‌ తెరిచి నీళ్లు పోయించడం, ఏడాదికోసారి నిరోధం కొలిపించడం సంఘం పనుల జాబితాలో ఉండాలి.

నిబంధన ఉంది.. చూసేదెవరు?

కేంద్ర విద్యుత్‌ ప్రాధికార సంస్థ (సీఈఏ) 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. మరీ తక్కువ లోడున్న కనెక్షన్లు మినహా ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లు మించకుండా పనిచేసే రక్షణ పరికరం ఉండాలి. చిక్కంతా అమలులోనే ఉంది.

డిస్కం బాధ్యత మీటరు దాకానే. ఆ తర్వాతి వైరింగ్‌ యజమానిది. కనెక్షన్‌ ఇచ్చిననాటి కాగితాల తర్వాత ఇరవై ఏళ్లయినా ఇంట్లోని వైరింగ్‌ను ఎవరూ అడిగి చూడరు. ఈలోగా రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఇండక్షన్‌ స్టవ్‌ వచ్చి చేరతాయి. అదనపు లోడుకు దరఖాస్తు చేసినప్పుడు డిస్కం చార్జీలు లెక్కగట్టి వసూలు చేస్తుంది. ‘ఆర్‌సీసీబీ ఉందా? ఎర్తింగ్‌ కొలిచారా?’ అన్న రెండు ప్రశ్నలు కూడా అప్పుడే అడిగితే పాత ఇళ్లు ఒక్కొక్కటిగా దారిలోకి వస్తాయి. కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

మీరే చేయగలిగినవి

• డీబీ మూత తెరిచి చూడండి. ‘టి’ అక్షరంతో చిన్న బటన్‌ కనిపిస్తే అది ఆర్‌సీసీబీ లేదా ఆర్‌సీబీఓ. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు లేదా 0.03 ఆంపియర్లు అని ఉందేమో గమనించండి.
• నెలకోసారి ఆ బటన్‌ నొక్కండి. వెంటనే సరఫరా ఆగాలి. ఆగకపోతే మార్పించాల్సిందే.
• నీళ్లు వేడెక్కాక గీజరు ఆఫ్‌ చేసి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లండి. హీటర్‌ రాడ్డు అయితే ప్లగ్గు తీసేదాకా బకెట్లో చేయి పెట్టొద్దు.
• గీజరు కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు చూడండి. బీఐఎస్‌ కేర్‌ యాప్‌లో ఆ నంబరు కొడితే అసలుదో కాదో తెలుస్తుంది.

డీబీలో తీగలు విప్పడం, గీజరు తెరవడం, ఎర్త్‌ తీగ కలపడం మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ పని. కొళాయి ముట్టుకుంటే చిన్నగా జిల్లుమన్నా మెయిన్‌ ఆఫ్‌ చేసి అతన్ని పిలవండి. ‘ఎప్పుడూ అలాగే ఉంటుందిలే’ అని వదిలేయొద్దు.

మాటిమాటికీ పడిపోతుంటే..

‘విసిగిస్తోంది, డైరెక్ట్‌ చేసేయ్‌’ అని ఎలక్ట్రీషియన్‌కు చెప్పడం చాలా ఇళ్లలో జరిగేదే. అది పొగ వస్తోందని చెప్పే అలారాన్ని పీకేయడం లాంటిది. ముందు ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తండి. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ రండి. ఏది ఎత్తినప్పుడు పడిపోతే లీకేజీ ఆ లైనులో ఉండే అవకాశం ఎక్కువ. ఇన్వర్టర్‌ పెట్టినప్పుడు న్యూట్రల్‌ తీగలను కలిపేసినా ఆర్‌సీసీబీ నిలవదు. ఏ లైను న్యూట్రల్‌ ఆ లైనుకే ఉండేలా సరిచేయించాలి.

ఎవరికి చెప్పాలి?

లైట్లు ఒక్కసారిగా మరీ ప్రకాశంగా వెలిగి, కొన్ని మసకబారితే స్తంభం దగ్గరో సర్వీసు వైరులోనో న్యూట్రల్‌ తెగి ఉండొచ్చు. వెంటనే మెయిన్‌ ఆఫ్‌ చేసి 1912కు ఫోన్‌ చేయండి. అది డిస్కం బాధ్యత. ఎవరికైనా షాక్‌ కొడితే ముందు మెయిన్‌ ఆఫ్‌ చేయాలి. వట్టి చేతులతో పట్టుకోవద్దు. 108కి ఫోన్‌ చేసి, ఊపిరి ఆడకపోతే సీపీఆర్‌ మొదలుపెట్టాలి.

అద్దె ఇంట్లో ఉంటే అడ్వాన్సు ఇచ్చేముందే డీబీ చూడండి. నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయని అడిగినట్టే ఎర్తింగ్‌ ఉందా అని అడగండి. ఆర్‌సీసీబీకి అయ్యే ఖర్చు రెండు మూడు వేల రూపాయలు. గీజరు ధరలో సగం కూడా ఉండదు.