అరుగుమీద ఐదు సెకన్లు

తలుపు తట్టినవాడికి లోపలినుంచి “ఎవరండీ, వస్తున్నా” అని ఒక్క మాట వినిపిస్తే చాలు, కాసేపు ఓపిగ్గా నిలబడతాడు. ఆ మాట కూడా లేకపోతే రెండో నిమిషానికి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోతాడు, లేదా తలుపు బాదటం మొదలుపెడతాడు. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలిసి కూడా నేనొక తలుపు దగ్గర ఎంతోమందిని మాటా పలుకూ లేకుండా నిలబెట్టాను. ఆ పాపం ఈ వారం మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

నా ఉద్యోగం వెబ్‌సైట్లకు తెరలు తయారుచెయ్యటం. మీరూ చూసే ఉంటారు. టిక్కెట్టుకో, పిల్లల పరీక్ష ఫలితాలకో ఒక వెబ్‌సైటు తెరుస్తారు. అసలు పేజీ రాకముందే ఒక తెల్లటి తెర వచ్చి, “మీరు మనిషేనా? పరీక్షిస్తున్నాము” అంటుంది. దాని మధ్య ఒక చక్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఆ తెరలే నేను చేసేవి. “మనిషివేనా అని అడగటానికి నెలనెలా జీతం కూడా ఇస్తారుటండీ!” అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంటుంది.

అసలీ అడగటం ఎందుకొచ్చిందో చెప్పాలి. వెబ్‌సైటు అంటే ఎక్కడో ఒక ఊళ్ళో ఉన్న సర్వరు. అది అమెరికాలో ఉంటే, హైదరాబాదులో కూర్చుని అడిగినవాడికి జవాబు సముద్రాలు దాటి రావాలి. ఈ ఆలస్యం తగ్గించటానికి, పేజీల నకళ్ళు చదివేవాడికి దగ్గర్లో ఉన్న ఊళ్ళోనే ఉంచే ఏర్పాటు ఒకటి వచ్చింది. ఎం.ఐ.టి.లో గణితం చెప్పే టామ్ లైటన్, ఆయన శిష్యుడు డేనియల్ లెవిన్ కలిసి 1998లో ఆకమాయ్ కంపెనీ పెట్టింది ఈ పనికే. 2010లో క్లౌడ్‌ఫ్లేర్ రంగంలోకి దిగింది. ఇటువంటివాటిని ఎడ్జ్ నెట్‌వర్కులంటారు. మన మాటల్లో పొలిమేర కాపలా అనుకోండి. అసలు సర్వరు ఊరి నడుమ ఇల్లయితే, వచ్చేపోయే వాళ్ళందరూ ముందు పొలిమేరలో ఈ కాపలావాడికి కనబడి వెళ్ళాలి.

కాపలా ఎందుకంటే, వచ్చేవాళ్ళందరూ మనుషులు కారు. ఎవడో దుర్మార్గుడు వేల యంత్రాలను పోగుచేసి ఒక్కసారిగా ఒకే తలుపు తట్టిస్తాడు. ఆ తాకిడికి సర్వరు ఉక్కిరిబిక్కిరై, నిజంగా పనిమీద వచ్చినవాడికి జవాబు చెప్పలేకపోతుంది. అందుకని వచ్చినవాడు మనిషో యంత్రమో తేల్చుకోవలసి వచ్చింది.

మొదట్లో వంకరటింకర అక్షరాలు చూపించి చదవమనేవారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్ బృందం దీనికి క్యాప్చా అనే పేరు ఖాయం చేసింది. తరవాత బస్సులున్న బొమ్మలన్నీ ఏరమనటం వచ్చింది. ఈ పరీక్షకు మనిషికి సగటున 32 సెకన్లు పడుతోందనీ, ప్రపంచం మొత్తమ్మీద రోజూ 500 సంవత్సరాల కాలం దీనికే ఖర్చవుతోందనీ 2021లో క్లౌడ్‌ఫ్లేర్ వారు లెక్కగట్టారు. 2022లో వారే టర్న్‌స్టైల్ అనే కొత్త పద్ధతి తెచ్చారు. ఇందులో చాలామటుకు మనల్ని ఏమీ అడగరు. మన ఫోనుకే చిన్న లెక్కలిచ్చి చేయిస్తారు, దాని తీరు గమనిస్తారు, సరే అనుకుంటే కొంతసేపు చెల్లే చీటీ ఇచ్చి లోపలికి వదులుతారు.

అంటే మనకు పని తప్పింది. ఊరికే నిలబడటం మిగిలింది. చిక్కల్లా అక్కడే ఉంది. పనిచేస్తున్నవాడికి పొద్దు తెలియదు. ఊరికే నిలబడ్డవాడికి క్షణమొక యుగం. కారణం చెప్పని నిరీక్షణ చెప్పినదానికన్న పొడుగ్గా తోస్తుందనీ, ఎంతసేపో తెలియనిది తెలిసినదానికన్న పొడుగ్గా తోస్తుందనీ డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లోనే రాశాడు. జేకబ్ నీల్సన్ 1993లో ఇంకా లెక్కగా చెప్పాడు: సెకనులో పదోవంతులో జవాబొస్తే వెంటనే వచ్చినట్టుంటుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనసు ఇంకోచోటికి పోతుంది.

ఇవన్నీ నేను చదివినవాణ్ణే. చదివి ఏం చేశానో వినండి.

ఒక కళాశాలవారు తమ దరఖాస్తుల వెబ్‌సైటుకు ఇటువంటి తెర కావాలన్నారు. ఫోనుల్లో ఉండే మామూలు తెలుగు అక్షరాలు నా కంటికి ఆనలేదు. “దయచేసి కొద్ది క్షణాలు ఆగండి” అనే మాటను అందమైన అక్షరాలతో రాయించి, దాన్నొక బొమ్మగా చేసి, చక్రం కింద అతికించాను. ఆఫీసులో పదిమందికి చూపించాను. పెళ్ళి శుభలేఖలా ఉందన్నారు. పొంగిపోయాను.

దరఖాస్తులకు ఆఖరి రోజు రానే వచ్చింది. ఆరోజు పొద్దుటినుంచీ ఎవరో యంత్రాలతో తలుపులు బాదిస్తున్నారు. వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి పరీక్షించమని కాపలావాడికి హుకుం వెళ్ళింది. మధ్యాహ్నం మూడింటికి తెనాలినుంచి మా పిన్ని ఫోను చేసింది.

“ఏరా అబ్బాయ్, నువ్వేదో కంప్యూటరు పనే కదా చేసేది?”

“అవును పిన్నీ.”

“అయితే ఈ చక్రం సంగతేమిటో చెప్పు. మా భోజనాలైన దగ్గర్నుంచీ తిరుగుతోంది. మనవరాలి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఐదింటికి గడువట.”

ఏ కళాశాలో అడిగి తెలుసుకునేసరికి నాకు గొంతు తడారిపోయింది. “దాని కింద ఏమైనా రాసుందా పిన్నీ?” అన్నాను.

“రాసుంటే నీకెందుకు ఫోను చేస్తానురా? చక్రం, దాని కింద చిరిగిన కాయితం లాంటి బొమ్మ, అంతే. ఆగిపోయిందేమోనని అరనిమిషానికోసారి మూసి మళ్ళీ తెరుస్తున్నాం.”

అదీ సంగతి. మూసి తెరిచినప్పుడల్లా పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది. వాళ్ళ ఫోను పాతది. లెక్క పూర్తిచెయ్యటానికి దానికి అరనిమిషం చాలటంలేదు. గట్టెక్కబోయే సమయానికి పాపం వీళ్ళే దాన్ని మళ్ళీ నీళ్ళలోకి తోస్తున్నారు. ఆ ఒక్క ముక్క చెప్పేవాడు అక్కడ లేడు.

“పిన్నీ, ఒక్క నిమిషం ఎవరూ దాన్ని ముట్టుకోకండి,” అన్నాను.

ఫోను పట్టుకునే ఉన్నాను. అవతల గోడగడియారం టిక్కుటిక్కుమనటం వినిపిస్తోంది. ముప్పావు నిమిషమైందో లేదో, “వచ్చింది మామయ్యా!” అని అమ్మాయి కేక. నాలుగున్నరకల్లా దరఖాస్తు వెళ్ళిపోయింది.

పెట్టేసేముందు పిన్ని ఒక మాటంది: “ఎవడు చేశాడురా దీన్ని? వాడింటికి చుట్టాలెవరూ రారా?”

నేను నోరెత్తలేదు. పిన్నికి ఫోను చెయ్యటానికి నేనున్నాను. ఆ మధ్యాహ్నం ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది అరనిమిషానికోసారి మూసి తెరుస్తూ ఐదు కొట్టించారో, వాళ్ళకెవరున్నారు? ఆ రాత్రి అన్నం సయించలేదు.

నా తప్పేమిటో కూర్చుని వెతికితే తేలింది. అందమైన అక్షరాల బొమ్మను నేను అసలు సర్వరులో ఉంచాను. ఆ బొమ్మకోసం ఫోను లోపలికి వెళ్ళబోతే, కాపలావాడు దాన్నీ అరుగుమీదే ఆపేశాడు. మాట లోపల చిక్కుకుంది, చక్రం బయట తిరిగింది. ఇంటికి తాళం పడినప్పుడు అరుగుమీద కూర్చున్నవాడికి మంచినీళ్ళు అరుగుమీది కుండలోంచే ఇవ్వాలి గాని, వంటింట్లో బిందె నిండా ఉన్నాయని చెప్పి ఏం లాభం? ఇటువంటి తెర తనకు కావలసిన సమస్తమూ తనతోనే మోసుకురావాలి.

మరి ఆఫీసులో చూసినప్పుడు సరిగ్గానే వచ్చిందే? వస్తుంది. మా ఆఫీసువాళ్ళను ఆపకుండా వదిలేసే జాబితాలో ముందే చేర్చుకున్నాం. తెరను విడిగా తెరిచి చూసుకున్నామే గాని, కాపలావాడి ముందు ఒక్కనాడూ నిలబడలేదు. ఇంటివాణ్ణి చూసి కుక్క మొరుగుతుందా?

మర్నాడు కూర్చుని మొత్తం తిరగరాశాను. బొమ్మ తీసేసి, ఫోనులో ఉండే మామూలు తెలుగు అక్షరాలే వాడాను. చూపులేనివారికి ఫోను చదివి వినిపించాలన్నా మాట అక్షరాల్లో ఉండాలి గాని బొమ్మలో ఉండకూడదు. నూటికి ఇంత పూర్తయిందని చూపే పట్టీ పెడదామన్నారొకరు. వద్దన్నాను. ఎంతసేపో మనకే తెలియనప్పుడు తొంభైతొమ్మిది దగ్గర ఆగే పట్టీ అబద్ధం చెప్పటమే అవుతుంది. చివరికి తెరమీద ఉన్నది ఇదీ:

“ఇది కళాశాల దరఖాస్తుల వెబ్‌సైటు. ఈరోజు తాకిడి ఎక్కువగా ఉన్నందువల్ల ప్రతివారినీ ఒకసారి పరీక్షించి పంపుతున్నాము. మీరు ఏమీ చెయ్యనక్కరలేదు. మామూలుగా ఐదారు సెకన్లు, పాత ఫోనుకు ఒక నిమిషం దాకా పట్టవచ్చు. దయచేసి మూసి తెరవకండి. తెరిస్తే మళ్ళీ మొదటినుంచీ మొదలవుతుంది. రెండు నిమిషాలు దాటితే ఈ నంబరుకు ఫోను చేసి, కింద ఉన్న గుర్తు చెప్పండి.”

ఆ గుర్తు కాపలావాడి పద్దులో మీ రాకకు వేసిన నంబరన్నమాట. అది చెబితే ఎక్కడ ఆగారో మేము వెతికి పట్టుకోగలం. శుభలేఖలా లేదు నిజమే. తెరిచి చూసిన పిన్ని మాత్రం, “ఇప్పుడు మనిషి మాట్లాడినట్టుంది,” అంది.

కథ ఇక్కడితో అయిపోతే ఇంత చెప్పేవాణ్ణి కాను. నెల తిరక్కుండా మేనకోడలు నాకొక ఫోటో పంపింది. “మామయ్యా, ఇదీ నువ్వు చేసే తెరలాంటిదేనా?” అని. ఏదో పాఠం వెతుకుతుంటే కంప్యూటరులో వచ్చిందట. పైన “మీరు మనిషేనని నిరూపించుకోండి” అని ఉంది. కింద మూడు మెట్లు: విండోస్ మీటనూ ఆర్‌నూ కలిపి నొక్కండి, తరవాత కంట్రోల్‌నూ వీనీ నొక్కండి, ఆపైన ఎంటర్ కొట్టండి.

నొక్కవద్దని వెంటనే ఫోను చేశాను. అది దొంగ తెర. మనకు తెలియకుండా ఒక ఆజ్ఞను ముందే నకలు తీసి పెట్టి ఉంచుతుంది. ఆ మూడూ నొక్కితే మన చేత్తో మనమే దాన్ని కంప్యూటరులో అతికించి నడిపినట్టు. అటుపైన దాచుకున్న పాస్‌వర్డులు దొంగ చేతిలో పడతాయి. 2024నుంచీ ఈ తరహా మోసం బాగా పెచ్చుపెరిగింది.

కనుక మీ ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ఈ ఒక్కటి చెప్పి ఉంచండి. నిజమైన పరీక్ష ఆ పేజీలోనే మొదలై ఆ పేజీలోనే ముగుస్తుంది. మహా అయితే గడిలో టిక్కు పెట్టమంటుంది, బొమ్మలు ఏరమంటుంది. ఇంకేవో మీటలు కలిపి నొక్కమన్నా, అతికించమన్నా, ఏదైనా దింపుకోమన్నా, ఓటీపీ అడిగినా, అది కాపలావాడు కాదు, దొంగ. మూసెయ్యండి.

దొంగ తెర ఎందుకు చెల్లుబాటవుతోందంటే, మావంటివాళ్ళం ఏళ్ళ తరబడి ఏమీ చెప్పకుండా నిలబెట్టి, ఏం చెయ్యమంటే అది చెయ్యటం జనానికి అలవాటు చేశాం కనుక. అసలువాడు నోరు విప్పి తనెవరో, ఎందుకు ఆపాడో చెబుతూ ఉంటేనే, నకిలీవాడు రాగానే తేడా తెలుస్తుంది.

కిందటి ఆదివారం తెనాలి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి చెప్పేశాను, “పిన్నీ, ఆ చక్రం చేసింది నేనే” అని. పిన్ని కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, “తెలుసులే. కళాశాల పేరు చెప్పగానే నీ గొంతు అట్లా అయిపోయినప్పుడే అనుకున్నాను. తాగు, చల్లారిపోతుంది,” అంది.