బొహోనికి కబరస్తాన్‌లో ఒక ఫాతిహా

పోలండ్ అంటే మనవాళ్లకు చలి, చర్చీలు, పంది మాంసం గుర్తొస్తాయి. మూడూ నిజమే. వార్సాలో చదువుతున్న నా భతీజాను చూడ్డానికి పోతే, "చాచా, తూర్పు దిక్కు పోదాం, అక్కడ కట్టె మజీదులున్నయ్" అన్నాడు. అట్లా బియాలిస్టాక్ మీదుగా సుప్రాశ్ల్ అనే చిన్న కస్బాకు చేరుకున్నం.

నది ఒడ్డున ఊరు. చుట్టూ క్నిషిన్ అడవి. అందులో చెట్టు పడినా తియ్యకుండా వదిలేసే రక్షిత వనాలు ఎన్నో. కూలిన మానుల మీద నాచు, ఆ నాచు మీంచి మళ్లీ మొక్కలు. ఖుదా కారఖానా ఎట్లా నడుస్తుందో చూడాలంటే అక్కడ చూడాలి. ఊళ్లో హోటల్ ఆమెను ఆలుగడ్డల బాబ్కా పంది లేకుండా ఇమ్మని అడగడానికి మావోడు పది నిమిషాలు తంటాలు పడ్డాడు, అది వేరే కిస్సా.

ఊరి నడుమ ఆర్థడాక్స్ మఠం. అందులో పదహారో శతాబ్దపు చర్చి, కోటలాగా నాలుగు బురుజులతో. 1944లో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం దాన్ని పేల్చేసింది. గోడల మీది బొమ్మల్లో మిగిలిన ముక్కలు ఇప్పుడు పక్కనున్న ఐకన్ల మ్యూజియంలో ఉన్నయి. 1984లో అదే జాగాలో, అదే రూపంలో మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. కమ్యూనిస్టుల హుకూమత్ ఉన్న రోజుల్లోనే! నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డ. 1992 డిసెంబర్ 6 తెలిసిన వాడెవడైనా నిలబడతాడు. కూల్చినవాళ్లదే తప్పని 2019లో మన అదాలత్ కూడా అన్నది, జాగా మాత్రం వేరేవాళ్లకు పోయింది. పరాయి మతం వాళ్ల ఇబాదత్‌గాహ్ మళ్లీ లేచి నిలబడితే నాకు జలన్ కాలేదు, హస్రత్ కలిగింది.

అక్కడికి గంట దూరంలో క్రుషినియానీ, బొహోనికి. 1679లో రాజు మూడో యాన్ సొబియెస్కీ తన ఫౌజులో పనిచేసిన తాతార్ ముస్లింలకు జీతం బకాయిలకు బదులు అక్కడ జమీన్లిచ్చాడు. క్రుషినియానీ మజీదు ఆకుపచ్చ రంగు కట్టె ఇల్లు. ముందు రెండు బురుజులు చూస్తే పల్లెటూరి చర్చి అనుకుంటాం. నెలవంక చూస్తేనే మనదని తెలుస్తుంది. ఆ తాతార్లు తమ జబాన్ ఎప్పుడో మర్చిపోయారు. పోలిష్, బెలారుసియన్ మాటల్నే అరబీ లిపిలో రాసుకుని కితాబులు చేసుకున్నారు. "సాయిబువి, నీకు తెలుగు ఎట్లొచ్చింది?" అని అడిగించుకున్న నాకు ఆ కితాబుల గురించి విన్నప్పుడు దిల్ నిండింది.

ఇంతవరకు టూరిస్టు పోస్టర్ కథ. ఇకముందుది పోస్టర్ మీద ఉండదు. 2012లో ఈ రెండు మజీదుల్నీ జాతీయ చారిత్రక స్మారకాలుగా ప్రకటించారు. మరుసటి ఏడు నుంచే స్పృహ తప్పించకుండా జిబహ్ చేయడం నేరమైంది. 2014లో ఎవరో క్రుషినియానీ మజీదు గోడ మీద పంది బొమ్మ గీసి పోయారు. ఆ ఏడు చివర్లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ జిబహ్ నిషేధాన్ని కొట్టేసింది. మజీదు ఫొటోకు సలాం, మజీదులోని మనిషి కుర్బానీకి గొడవ. నాకిది కొత్తగా అనిపించలేదు. చార్మినార్ బొమ్మతో బిర్యానీ అమ్మి, దాని కింద కాపురముండేవాణ్ని అనుమానంగా చూసే ఊరి నుంచే కదా పోయింది.

అసలు మాట ఇదీ. ఆ అందమైన అడవులు బెలారస్ సరిహద్దు దాకా పరుచుకుని ఉన్నయి. 2021లో సిరియా, ఇరాక్, యెమెన్ నుంచి వచ్చినవాళ్లు ఆ సరిహద్దు అడవుల్లో చలికి, ఆకలికి చచ్చిపోయారు. ఒక దేశం ముందుకు నెట్టింది, ఇంకొకటి వెనక్కి నెట్టింది. 2022లో ఉక్కు గోడ లేచింది. జంతువులు తిరిగే దారులు తెగుతాయని ప్రకృతి ప్రేమికులు మొత్తుకున్నారు. వాళ్ల ఫికర్ సబబే. మనుషుల కోసం కూడా అంత గట్టిగా గొంతులు లేస్తే బాగుండేది.

ఆ మయ్యత్‌లలో కొన్నింటికి బొహోనికి తాతార్లు తమ కబరస్తాన్‌లో చోటిచ్చారు. పంతొమ్మిదేళ్ల సిరియా పిల్లగాడు. ఇరాకీ తల్లి కడుపులోనే పోయిన పసిగుడ్డు. పేరు కూడా తెలియని ఒకరు. ఎవరి రిష్తేదార్లూ కాదు. అయినా జనాజా నమాజ్ చదివి మట్టినిచ్చారు.

అదే రోజుల్లో ఆ ఊరివాళ్లు సరిహద్దు కాస్తున్న సైనికులకు పెద్ద పెద్ద గిన్నెల్లో సూప్ వండి పంపారు. దీన్ని చూసి ముక్కు విరిచేవాళ్లుంటారు. నేను విరవను. మూడు వందల ఏళ్లుగా ఆ ముల్క్ కోసం కత్తి పట్టినా సరే, వఫాదారీ రోజూ చూపించుకోవాల్సిన మజ్బూరీ ఏమిటో నాకు తెలుసు. కానీ వాళ్లు మజ్బూరీతోనే వండారని కూడా అననింక. చలిలో నిలబడ్డ సిపాయి కూడా ఎవరి బిడ్డో కదా అనుకుని ఉండొచ్చు.

మేం పోయేసరికి అస్ర్ వక్త్ దాటింది. పైన్ చెట్ల కింద కొత్త కబర్లు, చుట్టూ చిన్న రాళ్లు. భతీజా ఒకదాని మీద పడ్డ ఆకుల్ని చేత్తో తీశాడు. ఇద్దరం ఫాతిహా చదివాం. పేరు లేని కబర్ దగ్గర ఎవరి కోసమని దువా చేయాలో తెలియక, "యా అల్లాహ్, వీళ్ల అమ్మకు సబర్ ఇవ్వు" అన్నాను.